ఇంట్లోకి వరద బురద వస్తే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

వానాకాలం మొదలైతే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అక్కా, నీళ్లు దిగిపోయినయ్. ఇల్లంతా బురద. ఎక్కడ మొదలుపెట్టాలె?" ఒక్కొక్కరికి ఫోన్‌లో చెబుతుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. ఇన్వర్టర్ సంగతి చెప్పానో లేదో అని అర్ధరాత్రి గుర్తొచ్చి మళ్లీ ఫోన్ చేసిన రోజులున్నాయి. అందుకని అంతా ఒకచోట రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువు దిగువన గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 2020 అక్టోబరు 13 రాత్రి ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఆ వానకు బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదైంది. నీళ్లు దిగడానికి రెండు రోజులు పట్టింది, ఇల్లు మళ్లీ ఇల్లులా కావడానికి రెండు నెలలు. అందులో సగం కాలం మేం పనులు తలకిందులుగా చేసినందువల్లే పోయింది. ఆగాల్సిన చోట తొందరపడ్డాం, కరెంటు పెట్టాం, పెయింట్ వేయించాం. తొందరపడాల్సిన చోట ఆగాం, బురదను ఎండనిచ్చాం, కాగితాలను బీరువాలోనే ఉంచాం. మీరు ఆ తప్పులు చేయకూడదనే ఇదంతా.

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. మంచు తుఫాను వచ్చిందంటే తెల్లారి భార్యాభర్తలు పారలు పట్టుకుని వాకిలి తవ్వుకుంటారట. వాళ్ల మంచు ఓపిక పడితే కరిగి పోతుంది. మన బురద ఓపిక పడితే గట్టిపడుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి, కింద చెప్పేవాటిలో చాలా వరకు దీని నుంచి వచ్చేవే.

కావలసినవి

- మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు. లేకపోతే మందపాటి అడుగున్న బూట్లు. చెప్పులతో దిగవద్దు, బురదలో గాజు పెంకులు, మేకులు కనపడవు.
- రబ్బరు గ్లోవ్స్, మాస్కులు.
- పారలు రెండు, తట్టలు నాలుగు, రబ్బరు వైపర్లు, కొబ్బరి చీపుర్లు.
- పొడవాటి కర్ర ఒకటి, టార్చ్ లైటు, టెస్టర్.
- ఖాళీ సిమెంటు సంచులు 20, 30.
- బట్టల సబ్బు పొడి, బ్లీచింగ్ పౌడర్. బ్లీచింగ్‌ను కిరాణా షాపులోనే 150 గ్రాముల పొట్లాలుగా కట్టించుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.
- పాత తెల్ల కాటన్ చీరలు, తెల్ల కాగితాలు.
- తాగడానికి మంచినీళ్ల క్యాన్లు.

ఫోన్‌లో ముందే ఎక్కించుకోవాల్సిన నంబర్లు: కరెంటుకు 1912, జలమండలికి 155313, ప్రాణం మీదికి వస్తే 112.

పిల్లల్ని, పెద్దవాళ్లను మొదటి రెండు రోజులు చుట్టాలింటికో పై అంతస్తుకో పంపించండి. మా అత్తమ్మ వెళ్లనని పట్టుబట్టింది. "నా సామాను నేను చూసుకుంటా" అంటుంది. ఆమెకు మేడ మీద కూర్చుని చేసే పని ఒకటి అప్పగించాం, కాగితాలు ఆరబెట్టడం. ఈ ఇంటి పత్రాలు ఈ రోజు ఉన్నాయంటే ఆమె వల్లే.

1. గడప దాటకముందు కరెంటు సంగతి తేల్చండి

మీటరు బోర్డు పొడి నేల మీద నిలబడి అందుకోగలిగితే మెయిన్ ఆఫ్ చేయండి. బోర్డు దగ్గర నీళ్లు నిలిచి ఉంటే, గోడ తడిగా ఉంటే ముట్టుకోవద్దు. 1912కు ఫోన్ చేసి స్తంభం దగ్గరే మీ లైను తీయించండి. లైన్‌మన్ వచ్చే దాకా ఎంత ఆలస్యమైనా బయటే ఉండండి.

ఎక్కువ మంది మరిచేది ఇన్వర్టర్. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ తన బ్యాటరీ నుంచి కొన్ని గదులకు కరెంటు పంపుతూనే ఉంటుంది. అది ఎత్తులో, పొడిగా ఉంటే స్విచ్ ఆపి, తర్వాత బ్యాటరీ వైర్లు ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. నీళ్లలో మునిగి ఉంటే ఆ గదిలోకే వెళ్లవద్దు. మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నవాళ్లు దాన్ని పెట్టినవాళ్లను పిలిపించి ఆపించుకోవాలి.

గ్యాస్ వాసన వస్తే లైటర్, అగ్గిపుల్ల ఏదీ వెలిగించకుండా తలుపులు తెరిచి బయటికి రండి. వాసన లేకపోతే రెగ్యులేటర్ ఆపి సిలిండర్ బయట పెట్టేయండి. సిలిండర్లు నీళ్లలో తేలి పడిపోతాయి, పైపు ఊడి ఉండొచ్చు.

2. కర్రతో తట్టుకుంటూ లోపలికి వెళ్లండి

పాములు, తేళ్లు, జెర్రులు పొడి చోటు వెతుక్కుంటూ వస్తాయి. సోఫా వెనక, వాషింగ్ మెషిన్ కింద, అటకల మీద, మడత పెట్టిన దుప్పట్లలో ఉంటాయి. ముందు కర్రతో తట్టండి, టార్చ్ వేసి చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి. పాము కనిపిస్తే కొట్టవద్దు. ఆ గది తలుపు వేసి, తలుపు కింద సందులో తడిబట్ట దూర్చి, పాములు పట్టేవాళ్లను పిలవండి. మన నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం చేయకుండా, మనిషిని నడిపించకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

3. ఒక్క పార కూడా ఎత్తకముందు ఫోటోలు తీయండి

గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఒక గీత పడి ఉంటుంది. ఆ గీత పక్కన కొలత టేపు పట్టుకుని ఫోటో తీయండి. తర్వాత ప్రతి గదికి నాలుగు మూలల నుంచీ నాలుగు ఫోటోలు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటరు లాంటివాటికి వెనక ఉండే నంబరు పట్టీ కూడా కనపడాలి.

ఇల్లు, సామానుకు బీమా ఉంటే ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి, సర్వేయర్ వచ్చే దాకా పాడైన సామాను పారేయాలా ఉంచాలా అడగండి. ఏం చెప్పారో మెసేజ్‌లో కూడా రాయించుకోండి. మేం నోటి మాట నమ్మి పరుపులు, మిక్సీ, టీవీ పారేశాం. వచ్చిన సర్వేయర్ "వస్తువు చూపించండి" అన్నాడు. ఫోటోలు కూడా సరిగ్గా లేవు, ఆ డబ్బు పోయింది. ప్రభుత్వ సాయం ప్రకటించినా ఇవే ఫోటోలు పనికొస్తాయి. 2020లో ఇంటికి 10,000 రూపాయలు ఇచ్చినప్పుడు మా వీధిలో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నీళ్లలో పోయినవాళ్లు చాలా తిరగాల్సి వచ్చింది.

4. కాగితాలను వెంటనే బయటికి తీయండి

ఇది బురద కన్నా ముందు పని. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. బీరువా తలుపు ఉబ్బి రాకపోతే గడ్డపారతో తెరవండి. తలుపు పోతే పోయింది, పత్రాలు ముఖ్యం.

మా సేల్ డీడ్ ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, అయినా కవర్లో నీళ్లు నిండాయి. మా ఆయన పేజీలు విడదీయబోతే మొదటి పేజీ మూల ఊడి చేతిలోకి వచ్చేసింది. అప్పుడు అత్తమ్మ ఆపింది. వెడల్పాటి స్టీలు పళ్లెంలో మంచినీళ్లు పోసి, పత్రాన్ని కవరు ముక్క మీద ఉంచి అలాగే నీళ్లలోకి దించింది. బురద దానంతట అదే వదిలి పళ్లెం అడుగుకు దిగింది. నీళ్లు మూడుసార్లు మార్చింది. కట్ట మొత్తాన్ని తెల్ల చీర మడతలో పెట్టి అరచేత్తో మెల్లగా అదిమింది. సగం ఆరాక పేజీలు వాటంతట అవే విడివడటం మొదలైంది. అప్పుడు ఒక్కో పేజీ మధ్య ఒక్కో తెల్ల కాగితం పెట్టి, గంట గంటకు మార్చుతూ రెండు రోజులు కూర్చుంది. రిజిస్ట్రారు ముద్ర కొంచెం పాకింది గానీ అక్షరాలన్నీ చదవొచ్చు.

మీరూ అలాగే చేయండి. సంతకాలు సిరా పెన్నుతో ఉండి, సిరా కరుగుతోందనిపిస్తే మాత్రం నీళ్లలో ముంచకండి, బట్టతో అద్ది ఆరబెట్టండి.

చేయకూడనివి: ఎండలో పెట్టడం, ఇస్త్రీ చేయడం, మధ్యలో న్యూస్‌పేపర్ పెట్టడం. న్యూస్‌పేపర్ సిరా మీ పత్రానికి అంటుకుంటుంది. ల్యామినేషన్ చేయించిన సర్టిఫికెట్ లోపలికి నీళ్లు దూరితే అంచులు జాగ్రత్తగా కత్తిరించి తెరవండి, లేకపోతే లోపలే కుళ్లుతుంది.

కాగితాలు మరీ ఎక్కువ ఉంటే, అన్నీ ఒకేసారి చూడలేకపోతే పొడి కవర్లలో పెట్టి పక్కింటివాళ్ల డీప్ ఫ్రీజర్లో ఉంచండి. గడ్డకట్టినంత కాలం బూజు పెరగదు. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటి తీసి ఆరబెట్టుకోవచ్చు. ఫోటో ఆల్బమ్‌లకూ ఇదే పద్ధతి. పూర్తిగా పోయిన సేల్ డీడ్‌కు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, కాబట్టి డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం ఈ రోజే ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

5. బురదను తడిగా ఉన్నప్పుడే ఎత్తండి

నీళ్లు ఇంకా అరచెయ్యి లోతు ఉండగానే పని మొదలుపెడితే మంచిది. ఆ నీళ్లలో కొబ్బరి చీపురుతో అడుగు బురదను కలియబెట్టి, వైపర్‌తో గుమ్మం వైపు నెడితే చాలా బురద నీళ్లతో పాటే వెళ్లిపోతుంది. మేం ఇది చేయలేదు. నీళ్లు పూర్తిగా పోయాక మొదలుపెడదాం అనుకున్నాం. మధ్యలో ఒక రోజు ఎండ కాసింది. పడక గదిలో బురద మీద పెంకు కట్టి, గడ్డపారతో పెళ్లలు పెళ్లలుగా లేపాల్సి వచ్చింది. ఆ దెబ్బలకు నాలుగు టైల్స్ పగిలాయి.

ఎండిపోయిన బురద ఉంటే పొడిగా గీకవద్దు. దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లి, తడి గోనెలు కప్పి ఒక రాత్రి నాననిస్తే మెత్తబడుతుంది.

వెనక గదితో మొదలుపెట్టి గుమ్మం వైపు రండి. ముందు గది శుభ్రం చేస్తే వెనక గదుల బురద మళ్లీ దాని మీదుగానే మోయాలి. బురద ఎంత ఉంటుందో ముందే లెక్క వేసుకోండి. 10 అడుగులు ఇంటూ 12 అడుగుల గదిలో 3 అంగుళాల బురద అంటే 30 ఘనపుటడుగులు. బరువు టన్ను దాటుతుంది, దాదాపు టన్నున్నర దాకా ఉండొచ్చు. తట్టకు 15 కిలోల చొప్పున మోస్తే ఒక్క గదికే 90 తట్టలు. ఈ లెక్క తెలిస్తే ఇద్దరితో ఒక్క రోజులో అయిపోతుందని అనుకోరు, నలుగురిని పిలుచుకుంటారు.

తట్ట సగమే నింపండి. నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి ఎత్తండి. వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకుంటే జారి పడటం తగ్గుతుంది. 20 నిమిషాలకోసారి ఆగండి, నీళ్లు తాగండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు పార పట్టకండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతిలో లాగుడు ఉంటే పని ఆపి 108కి ఫోన్ చేయండి.

బురదను నాలాలో, మ్యాన్‌హోల్‌లో పోయవద్దు. ఇది చాలా గట్టిగా చెబుతున్నాను. మన నగరంలో చెరువులన్నీ గొలుసుకట్టు, పైది నిండితే కిందిదానికి అలుగు పారుతుంది. ఆ దారి పూడిపోతే నీళ్లు మళ్లీ మన ఇళ్లకే వస్తాయి. మా వీధిలో నాలుగిళ్లవాళ్లు బురదంతా చాంబర్‌లోకి తోశారు. మూడో రోజు మామూలు వానకే బాత్రూంల నుంచి మురుగు పైకి తన్నింది. సిమెంటు సంచుల్లో సగం సగం నింపి రోడ్డు వారగా పేర్చి, కాలనీ సంఘం తరఫున కార్పొరేషన్ వాళ్లకు ఒకే ఫిర్యాదు ఇవ్వండి. ఇంటింటికీ విడివిడిగా ఫోన్ చేసేకంటే వీధి మొత్తానికి ఒక లారీ అడిగితే త్వరగా వస్తుంది.

6. సెల్లారు ఉంటే తొందర వద్దు

సెల్లారులో నీళ్లు ఒకేసారి తోడేయకండి. బయట మట్టి నానిపోయి గోడలను లోపలికి నెడుతుంటుంది. లోపలి నీళ్లే ఆ గోడలను ఆపుతుంటాయి. ఒక్కసారిగా ఖాళీ చేస్తే గోడ కూలే ప్రమాదం ఉంది. చుట్టుపక్కల నీళ్లు తగ్గాక, రోజుకు మూడో వంతు చొప్పున తోడండి. రాత్రి ఎక్కడ దాకా ఉన్నాయో గోడ మీద చాక్‌పీసుతో గీత గీయండి. తెల్లారేసరికి నీళ్లు గీత దాటి పైకి వచ్చి ఉంటే ఇంకా ఊట వస్తోందని అర్థం, ఆగండి.

డీజిల్ పంపు, జనరేటర్ సెల్లారులో పెట్టవద్దు. దాని పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, కూర్చున్నచోటే మనిషి స్పృహ తప్పుతాడు. బయట, కిటికీలకు దూరంగా పెట్టి పైపు మాత్రమే లోపలికి వేయండి.

7. కడగడం: ముందు సబ్బు, తర్వాతే బ్లీచింగ్

చాలామంది బురద మీదే బ్లీచింగ్ చల్లుతారు. తెల్లగా కనిపిస్తుంది, మనసుకు బాగుంటుంది గానీ పని చేయదు. క్లోరిన్ అంతా బురదతోనే ఖర్చయిపోతుంది, క్రిములు అలాగే ఉంటాయి. ముందు నీళ్లతో, సబ్బు పొడితో రుద్ది కడగండి. గోడలను నీటి గీత కన్నా ఒక అడుగు పై నుంచి కిందికి, ఆ తర్వాత నేల. కడిగిన నీళ్లు రంగు లేకుండా వచ్చే దాకా.

అప్పుడు ఒక 150 గ్రాముల పొట్లం విప్పి ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో పేస్టులా కలిపి, 10 లీటర్ల బకెట్‌లో పోసి కలపండి. పది నిమిషాలు తేరనిచ్చి పై తేట వాడండి. నేల మీద, గోడల కింది భాగాన పట్టించి కనీసం 10 నిమిషాలు తడిగా ఉంచి తర్వాత కడగండి. ఇనుప, అల్యూమినియం పాత్రల్లో కలపవద్దు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. పౌడర్‌కు ఘాటు వాసన లేకపోతే అది పాతబడిపోయింది, మార్చండి.

బ్లీచింగ్, బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. ఒకదాని వెంట ఒకటి పోసినా విషవాయువు వస్తుంది. బాత్రూం వరకు యాసిడ్ వాడాలనుకుంటే బ్లీచింగ్ పోసిన రోజు కాకుండా మరో రోజు వాడండి. కళ్లు మండి, దగ్గు వస్తే అన్నీ వదిలేసి బయటికి రండి.

8. ఏది ఉంచాలి, ఏది పారేయాలి

రుద్ది కడగగలిగేది ఉంచండి. నీళ్లు పీల్చుకునేది పారేయండి. స్టీలు, ఇత్తడి, గాజు, పింగాణీ సామాను సబ్బుతో కడిగి మరిగించిన నీళ్లు పోస్తే చాలు. దూది పరుపులు, దిండ్లు, ఫోమ్ సోఫాలు, ప్లైవుడ్ కప్‌బోర్డులు, చెక్క చపాతీ పీట, పాలసీసాలు, మందులు పోయినట్టే. బియ్యం, పప్పులు, పిండి వరద నీళ్లు తగిలితే కడిగి ఎండబెట్టినా తినకూడదు. నాలాల మురుగు కలిసిన నీళ్లు అవి. మా ఇంట్లో బొంతలు అత్తమ్మ వాళ్లమ్మ కుట్టినవి. వాటిని పారేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒక బొంత పై గుడ్డ మాత్రం కత్తిరించి, వేడినీళ్లలో ఉతికి దాచాం. దూదిని వదిలేశాం.

టేకు మంచాలు, బీరువాలు బతుకుతాయి. నీడలో గాలి తగిలేలా పెట్టండి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఇరుక్కున్న సొరుగులను ముందు నుంచి లాగకండి, వెనక చెక్క విప్పి వెనక నుంచి తోయండి.

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటరును "ఒకసారి ప్లగ్ పెట్టి చూద్దాం" అని పెట్టవద్దు. తడిగా ఉన్నప్పుడు కాలిపోయేది, ఎండబెట్టి మెకానిక్ చూస్తే బాగయ్యేది. బండి, కారు కూడా అంతే. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే స్టార్ట్ చేసిన ఆ ఒక్కసారికే లోపలి రాడ్ వంగిపోతుంది. దానికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు. తోయించుకుని గ్యారేజీకి పంపండి. ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే.

9. సంపు

సంపులోకి ఎవరూ దిగవద్దు, పనివాళ్లను కూడా దించవద్దు. మురుగు నీళ్లు నిలిచిన సంపులో గాలి విషమై ఉంటుంది. మొదట దిగినవారు పడిపోతే, కాపాడబోయి రెండోవారూ పోతారు. సంపులు శుభ్రం చేసేవాళ్లు యంత్రాలతో వస్తారు, వాళ్లతో చేయించండి. లేదా పై నుంచే పంపుతో తోడి, పైపుతో గోడలు కడిగి, మళ్లీ తోడండి.

తర్వాత మంచినీళ్లు నింపి శుద్ధి చేయాలి. పొడవు, వెడల్పు, నీళ్ల లోతు అడుగుల్లో గుణించి 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 6 ఇంటూ 4 ఇంటూ 5 అడుగుల సంపు అంటే సుమారు 3,360 లీటర్లు. ప్రతి 1000 లీటర్లకు అదే 150 గ్రాముల పొట్లం ఒకటి, బకెట్‌లో కలిపి తేర్చిన తేట పోయండి. మన లెక్కకు మూడు పొట్లాలు, నాలుగోది మూడో వంతు. మోటరు బాగుంటే ఆ నీళ్లను ట్యాంకులోకి ఎక్కించి, ప్రతి కొళాయి క్లోరిన్ వాసన వచ్చే దాకా తిప్పి కట్టేయండి. 12 గంటలు అలాగే వదిలి అంతా పారబోసి, కొత్త నీళ్లు పట్టండి. ఆ మొదటి నీళ్లు తాగడానికి కాదు, స్నానానికీ కాదు.

ఆ తర్వాత కూడా రెండు వారాల పాటు తాగే నీళ్లు తెర్లి పొంగే దాకా కాచుకోండి. పొంగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచాలి. నీళ్లలో మునిగిన ఆర్ఓ ఫిల్టర్లను కడిగి వాడవద్దు, లోపలి ఫిల్టర్లు, మెంబ్రేన్ అన్నీ మార్పించాలి.

10. ఆరబెట్టడం, సరిచూసుకోవడం

కిటికీలు తెరిచి ఉంచండి. ఎలక్ట్రీషియన్ సరే అన్నాకే ఫ్యాన్లు. ఎలక్ట్రీషియన్‌ను మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెచ్చి వైరింగ్ చూడమనండి. రీడింగ్ 1 మెగా ఓమ్ కన్నా తక్కువ ఉంటే ఇంకా తడి ఉందని అర్థం. టెస్టర్ గుచ్చి చూసి "బాగానే ఉంది" అనేవాళ్లను నమ్మవద్దు. మునిగిన స్విచ్చులు, సాకెట్లు మార్పించడమే మేలు.

గోడ ఆరిందో లేదో చేతికి తెలియదు. ఒక అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ కవరు గోడకు అతికించి నాలుగు అంచులూ టేపు వేయండి. 24 గంటల తర్వాత లోపలి వైపు తేమ బొట్లు ఉంటే గోడ ఇంకా నీళ్లు వదులుతోంది. ప్రతి గదిలో కింద ఒకచోట, నీటి గీత దగ్గర ఒకచోట చూడండి. పొడిగా వచ్చే దాకా పుట్టీ, పెయింట్ వద్దు. మేం సంక్రాంతికని తొందరపడి పెయింట్ వేయించాం. ఫిబ్రవరికల్లా పొరలు పొరలుగా రాలింది.

మిగతావి త్వరగా చూసేయొచ్చు:

- తెల్లబట్ట తడిపి నేల మూలల్లో తుడవండి. మట్టి రంగు అంటితే మళ్లీ కడగాలి.
- టైల్స్ మీద నాణెంతో కొట్టండి. బోలు శబ్దం వస్తే కింద ఇసుక కొట్టుకుపోయింది.
- బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు ఒకేసారి పోయండి. గుడగుడమని ఆగి ఆగి పోతే పైపులో బురద ఉంది.
- గాజు గ్లాసులో సంపు నీళ్లు పట్టి తెల్ల కాగితం ముందు పెట్టండి. రంగు ఉన్నా, నలకలు ఉన్నా శుద్ధి మళ్లీ మొదలు.

11. ఒంటి మీద కన్ను

బురదలో చిన్న గీత పడినా సబ్బుతో కడిగి, బస్తీ దవాఖానాకు వెళ్లి ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమా అడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఎక్కువగా వారం, రెండు వారాల్లో బయటపడుతుంది, ఒక్కోసారి నెల దాకా పట్టొచ్చు. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే "వరద బురదలో పనిచేశాను" అని డాక్టరుకు మీరే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరమనుకుంటారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ కాలం జ్వరాలన్నీ చూస్తారు.

మిద్దె మీద, పెరట్లో ఎక్కడైనా బకెట్లు, టైర్లు, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్లు వారానికోసారి ఒంపేయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

పిల్లలు రాత్రిపూట వాన శబ్దానికి ఉలిక్కిపడి లేస్తారు. మా చిన్నోడు చాలా రోజులు పడుకునే ముందు గడప దగ్గరికి వెళ్లి నేల తడిమి చూసేవాడు. కసరకండి. వాడి బడి సంచి, ఒక జత బట్టలు అటక మీద వాడి చేతే పెట్టించాం. అప్పటి నుంచి కాస్త కుదుటపడ్డాడు. ఇప్పటికీ జూన్ రాగానే సంచి తనే పైన పెడతాడు, పక్కన పత్రాల స్టీలు డబ్బా పెడుతుంది వాళ్ల నానమ్మ.